బదులు ఫోను పుచ్చుకునే ముందు

(వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగువారి ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పాలారు ఒడ్డున ఉన్న వేలూరుకు, కౌండిన్య నదికి ఇరువైపులా పెరిగిన గుడియాత్తానికి మనలో చాలామంది బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారమే. కొందరు చిత్తూరు, పలమనేరు వైపు నుంచి పనికోసం వచ్చారు. కొందరు సి.ఎం.సి. ఆసుపత్రికి రోగికి తోడుగా వచ్చి, ఇక్కడే పని చూసుకుని నిలిచిపోయారు. చదువుకోసం వచ్చిన పిల్లలూ ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఆ ఊళ్లూ ఈ ఊళ్లూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కాబట్టి మనం పరాయిచోటికి వచ్చామని అనుకోనక్కరలేదు. అయినా ఒక కౌంటరు ముందు నిలబడి, సరిగా చదవలేని కాగితం మీద సంతకం చేయవలసి వచ్చినప్పుడు ఆ పరాయితనం ఒక్కసారిగా గుర్తుకు వస్తుంది. ఈనాటి నా ప్రసంగం ఆ కౌంటరును గురించి, ఆ సంతకాన్ని గురించి.

విషయం చూడడానికి చిన్నది. వారంటీలో ఉన్న సెల్‌ఫోను చెడిపోయింది. మరమ్మతుకు లొంగలేదు. "మీ మోడలు ఇప్పుడు రావడం లేదు, దాని బదులు వేరే మోడలు ఇస్తాం, తీసుకోండి" అన్నారు. తీసుకోవాలా, వద్దా?

ఫోను ఒకప్పుడు మాట్లాడుకోవడానికి మాత్రమే ఉండేది. ఇప్పుడు కూలి డబ్బు అందులోకే వస్తున్నది. బ్యాంకు పంపే ఓటీపీ అందులోకే వస్తున్నది. ఆసుపత్రి తేదీ, పిల్లల బడి సందేశం, ఊళ్లోని తల్లిదండ్రుల ముఖం, అన్నీ అందులోనే. సొంత ఊరు వదిలి వచ్చినవారికి ఫోను ఇంటి గడప వంటిది. అందువల్ల దాని బదులు మరొకటి పుచ్చుకోవడం ఆలోచించి చేయవలసిన నిర్ణయం.

నా అనుభవమే ముందు చెబుతాను. నేను గుడియాత్తంలో ఒక లుంగీల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తుంటాను. నేతపనివారికి కూలి పంపడం, నూలు వచ్చినదీ లేనిదీ చూసుకోవడం, రసీదుల ఫొటోలు భద్రపరచడం, అంతా ఫోనులోనే. వేలూరులో కొన్న నా ఫోను ఏడో నెలలో దానంతట అదే ఆగిపోవడం, మళ్లీ దానంతట అదే వెలగడం మొదలుపెట్టింది. సర్వీసు సెంటరు కూడా వేలూరులోనే. వెళ్లిన ప్రతిసారీ ఒక పూట పని పోతుంది, బస్సు చార్జీ అదనం. మొదటిసారి సాఫ్ట్‌వేరు మార్చారు. రెండోసారి లోపలి బోర్డు మార్చారు. మూడోసారి వెళ్లినప్పుడు కౌంటరులోని యువకుడు ఒక కొత్త పెట్టె నా ముందుంచి, "ఈ మోడలు కంపెనీ నిలిపివేసింది సార్, విడిభాగాలు లేవు, బదులుగా ఇది ఇమ్మన్నారు" అన్నాడు. అతడు ఎంతో మర్యాదగానే మాట్లాడాడు. పెట్టెతో పాటు ఒక కాగితం ఇచ్చి, "ఇక్కడ సంతకం పెట్టండి, పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు" అన్నాడు.

పెట్టె మీద చూస్తే తెర పెద్దది, కెమెరా అంకెలు పెద్దవి. సంతోషంగానే కలం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కాగితంలోని ఒక వాక్యం మీద చూపు పడింది. కూడబలుక్కుని చదివితే, "నా ఫిర్యాదు పూర్తిగా, అంతిమంగా పరిష్కారమైంది, ఇకపై నాకు ఏ కోరికా లేదు" అని దాని సారాంశం. ఆ ఫోనుతో ఒక్కసారైనా మాట్లాడకుండా, అంతా పరిష్కారమైందని నేనెలా రాసివ్వగలను? కలం పక్కన పెట్టి, ఒక్కరోజు గడువు ఇవ్వమని అడిగాను. ఆ యువకుడు కాదనలేదు. గడువు అడగవచ్చునన్న సంగతే అంతవరకు నాకు తోచలేదు.

ఆ రాత్రి నేను ఆలోచించినవీ, ఆ తరువాత తెలిసినవారిని అడిగి తెలుసుకున్నవీ మీ ముందు ఉంచుతాను.

మొదట గ్రహించవలసినది ఇది. బదులు ఫోను ఇస్తామనడం ఆజ్ఞ కాదు, ఒక ప్రతిపాదన. మనం ఒప్పుకుంటేనే అది పూర్తవుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 63వ సెక్షను ప్రకారం, ఒక వాగ్దానాన్ని పొందినవాడు దానికి బదులుగా తనకు తగినదని తోచిన మరొకదానిని స్వీకరించవచ్చు. "తనకు తోచిన" అన్న మాటను గమనించండి. తగినదో కాదో చెప్పవలసినవాడు ఇచ్చేవాడు కాదు, పుచ్చుకునేవాడు. అయితే ఈ నియమానికి రెండో వైపు కూడా ఉంది. ఒకసారి తగినదని ఒప్పుకుని స్వీకరించిన తరువాత మొదటి వాగ్దానం తీరిపోయినట్టే లెక్క. అందుకే ఆలోచన సంతకానికి ముందు జరగాలి.

కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. మరమ్మతు చేయడమా, మార్చి ఇవ్వడమా అన్నది తమ ఇష్టమనీ, అదే మోడలు దొరకకపోతే పనితీరులో సమానమైనది ఇస్తామనీ చాలా వారంటీ పత్రాలలో ముందే రాసి ఉంటుంది. నీటిలో తడిసినా, కింద పడి పగిలినా వర్తించదని కూడా రాసి ఉంటుంది. 2021 నవంబరులో కౌండిన్యకు వరద వచ్చినప్పటి వంటి నష్టం వారంటీ కిందికి రాదు. కాబట్టి "వేరే మోడలు అసలు ఇవ్వనే కూడదు" అన్న వాదం ప్రతిసారీ నిలవదు. కాని "సమానమైనది" అన్న మాట వారు రాసినదే. ఆ మాటకు వారు కట్టుబడి ఉండాలి.

ఇక వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి పాత చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జులైలో అమలులోకి వచ్చింది. వస్తువులో లోపం ఉందని రుజువైతే జిల్లా కమిషన్ ఏమేమి ఆదేశించవచ్చునో 39వ సెక్షను చెబుతుంది. లోపాన్ని తొలగించమని ఆదేశించవచ్చు. అదే వర్ణనకు సరిపోలే, ఏ లోపమూ లేని కొత్త వస్తువును ఇమ్మనవచ్చు. చెల్లించిన ధరను తిరిగి ఇప్పించవచ్చు. కలిగిన నష్టానికి పరిహారం కూడా ఇప్పించవచ్చు. ఇక్కడ మూడు మాటలు మనకు ముఖ్యం: కొత్తది, లోపం లేనిది, వర్ణనకు సరిపోలేది.

వర్ణనకు సరిపోలడమంటే ఏమిటో గుడియాత్తంలో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. ఒక వ్యాపారి ఎనభై కౌంటు నూలుతో నీలం గళ్ల లుంగీలు కావాలన్నాడనుకుందాం. నీలం అద్దకం అయిపోయింది. ఆకుపచ్చ గళ్లవి పంపితే, "రంగు మారింది, సరే కానివ్వండి" అని ఆయన ఒప్పుకోవచ్చు. అరవై కౌంటు నూలుతో నేసి, అంచు వెడల్పుగా పెట్టి, "అంచు చూడండి, ఎంత బాగుందో" అంటే ఒప్పుకుంటాడా? అంచు బాగుండడం వేరు, నూలు సరిపోవడం వేరు. బదులు ఫోనును కూడా అలాగే చూడాలి. పెద్ద తెర, పెద్ద కెమెరా చాలాసార్లు అంచు మాత్రమే. మనకు నూలు ఏదో ముందు మనం తేల్చుకోవాలి.

ప్రపంచంలో పెద్దఎత్తున జరిగిన ఒక సంఘటన ఇక్కడ గుర్తుచేసుకోవలసి ఉంది. శామ్‌సంగ్ సంస్థ 2016 ఆగస్టులో గెలాక్సీ నోట్ 7 అనే ఫోనును విడుదల చేసింది. కొన్ని ఫోనులు మంటలంటుకోవడంతో సెప్టెంబరు 2న అమ్మకాలు ఆపి, అదే మోడలులో కొత్త ఫోనులు బదులుగా ఇస్తామని ప్రకటించింది. ఆ బదులు ఫోనులలోనూ మంటలు వచ్చాయి. అక్టోబరు 11న ఆ మోడలు తయారీనే శాశ్వతంగా నిలిపివేశారు. మొదటి ఫోనులలోని బ్యాటరీలూ, బదులు ఫోనులలోని బ్యాటరీలూ వేర్వేరు తయారీదారులవనీ, రెండింటిలోనూ వేర్వేరు లోపాలున్నాయనీ 2017 జనవరిలో ఆ సంస్థే వెల్లడించింది. చివరకు అమెరికాలో కొన్నవారికి రెండు దారులు చూపారు. అదే సంస్థ చేసిన వేరే మోడలు తీసుకుంటే ధరలోని తేడా తిరిగి ఇస్తారు. వద్దనుకుంటే మొత్తం డబ్బు తిరిగి ఇస్తారు.

దీనిలో రెండు పాఠాలున్నాయి. అదే మోడలు దొరికినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదు, వేరే మోడలు అయినంత మాత్రాన కీడు జరిగినట్టూ కాదు. రెండోది, వేరే మోడలు ఇచ్చేటప్పుడు ధర తేడా లెక్కకట్టడం, వద్దన్నవారికి డబ్బు ఇవ్వడం వ్యాపారంలో అసాధ్యమేమీ కాదు. అడగడం తప్పు కాదు.

ఇప్పుడు మన నూలు ఏదో చూద్దాం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్నవి పక్కన పెట్టి, పాత ఫోను బిల్లు చేతిలో పట్టుకుని కొన్ని సంగతులు పోల్చి చూడాలి.

మొదటిది సిమ్‌ల చోటు. మనవంటి వలసవారికి ఇది అన్నింటికన్నా ముఖ్యం. మనలో చాలామందికి ఆంధ్రలోని పాత నంబరు ఒకటి ఉంటుంది. ఆధార్, బ్యాంకు ఖాతా దానితోనే ముడిపడి ఉంటాయి. ఇక్కడ తీసుకున్న తమిళనాడు నంబరు మరొకటి. పని పిలుపులు దానికి వస్తాయి. కొన్ని ఫోనులలో రెండు సిమ్‌లకూ, మెమరీ కార్డుకూ వేర్వేరు చోట్లు ఉంటాయి. మరికొన్నింటిలో రెండో సిమ్ పెడితే మెమరీ కార్డుకు చోటు ఉండదు. రెండూ "డ్యూయల్ సిమ్" ఫోనులే. కాని వాడుకలో ఒకటి కావు.

రెండోది నిల్వ చేసుకునే చోటు, ర్యామ్. 128 జీబీ ఫోనుకు 64 జీబీ ఫోను సమానం కాదు, దాని తెర ఎంత పెద్దదైనా సరే.

మూడోది ఫోను వయసు. పెట్టె కొత్తదే కావచ్చు, మోడలు పాతది కావచ్చు. ఆ మోడలు ఎప్పుడు విడుదలైందో, భద్రతా అప్‌డేట్లు ఇంకా ఎంతకాలం వస్తాయో అడగండి. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో కొంతకాలానికి బ్యాంకు యాప్‌లు పనిచేయడం మానుకోవచ్చు. పాతది 5జీ ఫోను అయితే, బదులు ఇచ్చేదీ 5జీయేనా అని కూడా చూడాలి.

నాలుగోది ధర. మీరు బిల్లుపై చెల్లించిన ధర ఎంత? ఇస్తామంటున్న ఫోను ఈరోజు బజారులో ఎంత? ఈ రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. తేడా పెద్దదైతే ఆ తేడాను గురించి మాట్లాడే హక్కు మీకుంది.

అయిదోది, అది నిజంగా కొత్తదా అన్నది. వెనక్కి వచ్చిన ఫోనులను బాగుచేసి తిరిగి ఇవ్వడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. అలాంటిదని చెప్పి ఇస్తే, ఒప్పుకోవడమూ మానడమూ మన ఇష్టం. చెప్పకుండా, బాగుచేసిన పాత వస్తువును కొత్తదని నమ్మించడం మాత్రం 2019 చట్టంలోని 2వ సెక్షను ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అమెరికాలో ఆపిల్ సంస్థ మీద కూడా ఇటువంటి వివాదమే నడిచింది. బదులుగా ఇచ్చిన, తిరిగి తయారుచేసిన ఫోనులు కొత్తవాటికి సమానం కావని వినియోగదారులు వ్యాజ్యం వేయగా, 2022లో 9.5 కోట్ల డాలర్లతో అది రాజీ అయింది. ఆ సంస్థ తప్పు ఒప్పుకోలేదు. కాని "కొత్తదానితో సమానం" అన్న మాటకు ఎంత బరువుందో ఆ మొత్తం చూస్తే తెలుస్తుంది.

కొత్తదో కాదో కొంతవరకు మనమే చూసుకోవచ్చు. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు సంఖ్యలుంటాయి. అవి పెట్టె మీద ఉన్నవాటితో సరిపోవాలి. కె.వై.ఎం. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, కొంత ఖాళీ, తరువాత ఆ సంఖ్య టైపు చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే, ఆ సంఖ్య ఏ కంపెనీ ఏ మోడలుకు చెందినదో కేంద్ర టెలికాం శాఖ నుంచి జవాబు వస్తుంది. కౌంటరు దగ్గరే చేయగల పని ఇది.

ఇవన్నీ చూసి, సరేననుకున్నారనుకుందాం. అప్పుడు కూడా వట్టి చేతులతో, వట్టి ఫోనుతో బయటికి రావద్దు. మీ దగ్గరున్న బిల్లులో పాత ఫోను ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది. కొత్త ఫోను సంఖ్య వేరు. అంటే కొత్త ఫోను మీదేనని చెప్పే కాగితం మీ దగ్గర లేనట్టే. రేపు అది కాట్పాడి రైల్వే స్టేషనులో పోయిందనుకోండి. పోలీసులకు ఫిర్యాదు చేసి, సంచార్ సాథీ ద్వారా దానిని పనిచేయకుండా ఆపించాలంటే ఆ సంఖ్య కావాలి, కొన్న ఆధారమూ అడుగుతారు. అందుచేత పాత సంఖ్య, కొత్త సంఖ్య రెండూ రాసి, దీని బదులు ఇది ఇచ్చామని తేదీతో, ముద్రతో ఒక పత్రం తీసుకోండి. బిల్లుతో పాటు దానినీ దాచుకోండి.

ఆ పత్రంలోనే కొత్త ఫోనుకు వారంటీ ఎప్పటివరకో రాయించుకోండి. కొన్ని కంపెనీలు పాత వారంటీలో మిగిలిన కాలాన్నే ఇస్తాయి. కొన్ని కనీసం ఇన్ని రోజులని ఇస్తాయి. ఏదైనా సరే, అది కాగితం మీద ఉండాలి. డబ్బు కట్టి అదనపు వారంటీగాని, బీమాగాని తీసుకుని ఉంటే, అది పాత సంఖ్య పేరనే ఉంటుంది. కొత్త సంఖ్యకు మార్పించాలి. వాయిదాల మీద కొన్నవారు బదులు ఫోను వచ్చినా వాయిదాలు మానకూడదు. అప్పు ఫోనుతో ముడిపడి ఉన్నా, తీర్చవలసినది మనమే.

పాత ఫోను అప్పగించే ముందు, అది వెలుగుతున్నంతలో, ఫొటోలూ నంబర్లూ వేరేచోట భద్రపరచి, గూగుల్ ఖాతా తొలగించి, లోపలిదంతా చెరిపివేయండి. కొత్త ఫోనులో యూపీఐ మళ్లీ మొదలుపెట్టాలంటే బ్యాంకులో నమోదైన సిమ్ అందులో ఉండాలి. మొదటి ఇరవైనాలుగు గంటలు పంపగల మొత్తంపై పరిమితి ఉండవచ్చు. కూలి పంపవలసిన రోజున గాక, దానికి ముందురోజే ఫోను మార్చుకోవడం మేలు.

ఇక సంతకం. కౌంటరులో కాగితం పెట్టినప్పుడు, అందులో ఏముందో తెలిసిన భాషలో చెప్పమని అడగండి. తమిళం చదవలేనని చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. కాగితాన్ని ఫొటో తీసి, చదవగలిగిన వారికి పంపి అడగవచ్చు. "పూర్తి, అంతిమ పరిష్కారం" అన్న వాక్యం ఉంటే, మీకు ఒప్పుదల కాకపోతే, దాని పక్కన "ఫోను మాత్రమే అందింది, ధర తేడా, వారంటీ విషయాలలో అభ్యంతరంతో స్వీకరించాను" అని తెలుగులోనైనా సరే రాసి సంతకం చేయండి. దానికీ ఒక ఫొటో తీసుకోండి.

ఆ సంతకానికి ఎంత విలువుందో 1999లో సుప్రీంకోర్టు ఒక బీమా వ్యాజ్యంలో చెప్పింది. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కూ, అజ్మీర్ సింగ్ కాటన్ అండ్ జనరల్ మిల్స్‌కూ మధ్య నడిచిన వ్యాజ్యం అది. తీరిందని కాగితం రాసిచ్చినంత మాత్రాన వినియోగదారుని హక్కు అన్ని వేళలా పోదని కోర్టు అన్నది. మోసంతోనో, అబద్ధం చెప్పో, ఒత్తిడి పెట్టో ఆ సంతకం తీసుకున్నట్టు చూపగలిగితే ఫిర్యాదు నిలుస్తుంది. కాని ఇష్టపూర్వకంగా చేసిన సంతకం అయితే నిలవదు. నిరూపించవలసిన భారం సంతకం చేసినవారిదే. తరువాత నిరూపించడానికి తిరగడం కన్నా, ముందు రెండు మాటలు రాయడం తేలిక.

ఒప్పుకోకపోతే ఏమి చేయాలి? మొదట సర్వీసు సెంటరు ఇచ్చిన జాబ్‌షీట్లన్నీ ఒకచోట పెట్టండి. ఎన్నిసార్లు వెళ్లారో, ఏమి మార్చారో వాటిలోనే ఉంటుంది. తరువాత కంపెనీకి రాతపూర్వకంగా, తేదీతో, మీకు ఏమి కావాలో స్పష్టంగా రాయండి. ఆన్‌లైన్‌లో కొన్నట్టయితే, అమ్మిన వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఇ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. అప్పటికీ కదలకపోతే 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. పదిహేడు భాషలలో పనిచేస్తుంది, వాటిలో తెలుగు ఒకటి. మన ఫిర్యాదును మన భాషలోనే చెప్పుకోవచ్చు.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. వలసవారికి మేలు చేసే మార్పు ఒకటి 2019 చట్టంలో వచ్చింది. ఫోను చిత్తూరులో కొన్నా, తిరుపతిలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు నివసిస్తున్న చోటనో, పనిచేస్తున్న చోటనో ఫిర్యాదు వేయవచ్చు. వేలూరు జిల్లాలో ఉంటున్నవారు వేలూరు కమిషన్‌కే వెళ్లవచ్చు. అయిదు లక్షల రూపాయల వరకు ధర చెల్లించిన వస్తువులకు ఫిర్యాదు రుసుము లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోగా వేయాలి. ఫోనును సొంత జీవనోపాధికి వాడుకునే నేతకారుడూ, ఆటో నడిపేవారూ కూడా వినియోగదారులే. తిరిగి అమ్మడానికి కొన్నవారికి మాత్రం ఇది వర్తించదు. ప్రతివాదికి నోటీసు అందిన నాటినుంచి మూడు నెలలలో, పరీక్ష అవసరమైతే అయిదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువ పట్టవచ్చు. ఆ సంగతి తెలిసే బయలుదేరాలి.

అందుకే ఇంకో మాట కూడా చెప్పాలి. హక్కు ఉన్నచోటల్లా పోరాడాలని నేను అనను. భవన నిర్మాణంలో రోజుకూలికి వెళ్లేవారికి పని పిలుపు ఫోనులోనే వస్తుంది. వారం రోజులు ఫోను లేకపోతే వారం కూలి పోతుంది. సిమ్‌లు సరిపోయి, కొత్తదై, వారంటీ కాగితం మీద ఉంటే, కెమెరా కాస్త తక్కువైనా తీసుకుని పనికి వెళ్లడమే అటువంటివారికి తెలివైన పని. అది లొంగిపోవడం కాదు. ఏది పోగొట్టుకుంటున్నామో తెలిసి ఒప్పుకోవడానికీ, తెలియక ఒప్పుకోవడానికీ చాలా తేడా ఉంది. నేను చెప్పదలచినదంతా ఆ తేడాను గురించే.

ఇప్పుడు నా కథ ముగిస్తాను. మర్నాడు నేను మళ్లీ వేలూరు వెళ్లాను. ఇస్తామన్న ఫోనులో నిల్వ 64 జీబీ, నా పాతదానిలో 128. రెండో సిమ్ పెడితే మెమరీ కార్డుకు చోటు లేదు. నా పలమనేరు నంబరు తీసివేస్తే బ్యాంకు ఓటీపీ రాదు. కార్డు తీసివేస్తే రసీదుల ఫొటోలు పట్టవు. ఈ రెండు సంగతులూ, ధరలోని తేడా మూడోదిగా, మా పక్కింటి విద్యార్థి చేత ఇంగ్లీషులో రాయించి ఇచ్చాను. అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకున్నాను. 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పాను.

జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ తేలికగా గడవలేదు. సిమ్‌లు ఒక పాత బటన్ ఫోనులో వేసుకున్నాను కనుక పిలుపులూ, ఓటీపీలూ వచ్చాయి. కూలి మాత్రం యజమాని దగ్గర నగదుగా తీసుకుని, సైకిలు మీద ఇంటింటికీ వెళ్లి ఇచ్చాను. ఒకామె, "ఫోనులో వేస్తే మా ఆయన చూసేస్తాడు, చేతికే ఇవ్వండి, ఇదే బాగుంది" అని నవ్వింది. తొమ్మిదో రోజున కంపెనీ మూడో మోడలు ఒకటి ఇస్తామంది. నిల్వ 128 జీబీ, రెండు సిమ్‌లు. కెమెరా నా పాతదానికన్నా తక్కువే, తెర కూడా చిన్నదే. ధర దాదాపు సమానం. నాకు కావలసిన నూలు సరిపోయింది, అంచు పోతే పోయింది. పాత సంఖ్య, కొత్త సంఖ్య, వారంటీ తేదీ రాయించుకుని, చదివి, సంతకం చేశాను. ఇప్పుడు నా జేబులో ఉన్నది ఆ ఫోనే.

ఆ కౌంటరులోని యువకుడు సంతకం అయ్యాక, "మీరు అడిగారు కాబట్టి పైకి రాశాం సార్, చాలామంది అడగరు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని పని పెట్టె ముందుంచడం. అడగడం మన పని. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు.

కాబట్టి ఎవరైనా మీ ముందు బదులు ఫోను పెట్టినప్పుడు, ఒక్కరోజు గడువు అడగండి. మీ నూలు ఏదో తేల్చుకోండి. కాగితం చదివించుకోండి. ఆ తరువాత ఒప్పుకున్నా మంచిదే, కాదన్నా మంచిదే.